లైట్లు వేస్తే మూగబోయే కారు: పాత కార్వెట్‌లో ఎర్త్ గొడవ, మాటల గొడవ

మూడు నెలలుగా నా ఎర్ర కారు ఎందుకు చూపించట్లేదని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. "అన్నా, అమ్మేశావా?" అని ఒకరు, "ఈఎంఐ కట్టలేక బ్యాంకోడు పట్టుకెళ్ళాడా?" అని ఇంకొకరు. అదేం లేదండీ. కారు ఇక్కడే ఉంది, నా వెనకే. కానీ అమ్మేసే దాకా వెళ్ళింది మాత్రం నిజం. ఆ కథే ఇవాళ చెప్తాను. ఎపిసోడ్ కొంచెం పెద్దది, ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకోండి.

కారు గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది షెవర్లే కార్వెట్, 2000 మోడల్. ఈ తరాన్ని సీ5 అంటారు, 1997 నుంచి 2004 దాకా వచ్చింది. ముందు 5.7 లీటర్ల వీ8 ఇంజిన్, వెనక గేర్‌బాక్స్, రెండే సీట్లు. హెడ్‌లైట్లు స్విచ్ వేస్తే కళ్ళు తెరిచినట్టు పైకి లేస్తాయి. 2004 తర్వాత కార్వెట్‌లో అలాంటి లేచే లైట్లు మళ్ళీ రాలేదు. బాడీ ఇనుము కాదు, ఫైబర్ లాంటి కాంపోజిట్. నేలలో అయితే మధ్యలో బాల్సా కర్ర పెట్టారు. మన కొండపల్లి బొమ్మలకి పొనికి కర్ర వాడతారు చూడండి, అలా చేత్తో ఎత్తితే బరువే తెలియని కర్ర. స్పోర్ట్స్ కారు నేలలో కర్రేంటని నేనూ మొదట నమ్మలేదు. ఈ ఫైబర్ బాడీ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను దీన్ని 92 వేల మైళ్ళ దగ్గర కొన్నాను. నాకంటే ముందు నలుగురు ఓనర్లు. అందులో ఎవరో ఒకాయన పాటల పిచ్చోడు, డిక్కీలో పెద్ద యాంప్లిఫయర్, ఒక అలారం, ఇంకా ఎందుకో తెలియని నాలుగు వైర్లు పెట్టి వదిలేశాడు.

ఇక ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి. డెంటన్‌లో ఫ్రెండ్ వాళ్ళింట్లో భోజనం చేసి నేనూ మా ఆవిడా డాలస్ వైపు వస్తున్నాం. ఐ-35ఈ హైవే, చీకటి, చలి. హీటర్ బ్లోవర్ ఫుల్‌లో పెట్టాను. 70 మైళ్ళ స్పీడ్‌లో ఉండగా మీటర్ బోర్డులో ముళ్ళన్నీ ఒక్కసారిగా సున్నాకి పడిపోయాయి. స్పీడ్ సున్నా, ఆర్‌పీఎం సున్నా, పెట్రోల్ సున్నా. ట్రాక్షన్ సిస్టమ్ సర్వీస్ చేయించమని ఒక మెసేజ్, ఏబీఎస్ లైటు, రేడియో ఆఫ్. బయట హెడ్‌లైట్లు మసకబారిపోయాయి. ఇంజిన్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది! రెండు సెకన్ల తర్వాత ముళ్ళు లేచాయి, మళ్ళీ పడ్డాయి. వెనక పద్దెనిమిది చక్రాల ట్రక్కు హార్న్ కొడుతోంది. ఎలాగో షోల్డర్‌లోకి లాగి ఆపాను.

మా ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇంటికెళ్ళాక మాట్లాడదాం" అంది. ఇంటికెళ్ళాక చెప్పింది, "ఈ నెలాఖరు దాకా చూడు. బాగైతే ఉంచుకో, లేకపోతే అమ్మెయ్. ఈలోపు నేను మాత్రం ఎక్కను. నువ్వు కూడా రాత్రి తీయకు." తప్పేముంది అందులో? నేనైనా అదే అంటాను.

సోమవారం దగ్గర్లో ఒక వర్క్‌షాప్‌కి ఇచ్చాను. వాళ్ళు 320 డాలర్లు తీసుకుని చెప్పిందేంటంటే, మాడ్యూళ్ళన్నీ బీసీఎంతో కాంటాక్ట్ పోయిందని కోడ్లు ఇస్తున్నాయి, కాబట్టి బీసీఎం పోయింది, మొత్తం 1,800 డాలర్లు అవుతుంది. బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్. లైట్లు, లాకులు, దొంగతనం జరగకుండా చూసే సిస్టమ్, ఇవన్నీ చూసుకునే కంప్యూటర్. ప్యాసింజర్ కాళ్ళ దగ్గర కార్పెట్ కింద ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కదా, తెలివితేటలు ఉపయోగించాను. 1,800 ఎందుకు, పాత కార్ల యార్డు నుంచి సెకండ్ హ్యాండ్ బీసీఎం 150కి తెప్పించి నేనే మార్చేశాను. తాళం తిప్పితే టిక్ అన్న శబ్దం కూడా రాలేదు. ఎందుకంటే ఈ కారు తాళంలో చిన్న రెసిస్టర్ గుండు ఉంటుంది. దాని విలువ ఎంతో బీసీఎం గుర్తుపెట్టుకుంటుంది. వేరే కారు బీసీఎం వేరే తాళాన్ని గుర్తుపెట్టుకుని ఉంది, నా తాళాన్ని దొంగ తాళం అనుకుంది. దాన్ని నా కారుకి కలపాలంటే టెక్ 2 అనే స్కాన్ టూల్ కావాలి, ప్రోగ్రామింగ్ కావాలి. ఆ 150 డాలర్ల డబ్బా ఇదిగో, ఇప్పుడు పేపర్ వెయిట్. పాతది మళ్ళీ బిగించాను, కారు స్టార్ట్ అయింది, జబ్బు అలాగే ఉంది.

అప్పుడు చేయాల్సిన పని మొదలుపెట్టాను. కోడ్లు నేనే చదవాలి. మీలో చాలామంది దగ్గర బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉంటుంది కదా, ఫోన్‌లో యాప్ పెట్టుకుని చూసేది. అది ఈ కారుకి పనిచేస్తుంది కానీ ఎక్కువగా ఇంజిన్ కంప్యూటర్ కోడ్లే చూపిస్తుంది. డోర్లు, బ్రేకులు, ఏసీ వాటి కోడ్లు మామూలు యాప్‌లకి అందవు. అయితే సీ5లో ఒక మంచి విషయం ఉంది, స్కానర్ లేకుండానే కారే తన కోడ్లు చూపిస్తుంది. తాళం ఆన్ చేయండి, ఇంజిన్ వద్దు. రీసెట్ నొక్కి స్క్రీన్ మీద ఉన్న మెసేజ్‌లు తీసేయండి. ఆప్షన్స్ బటన్ నొక్కి పట్టుకుని ఫ్యూయల్ బటన్ నాలుగుసార్లు నొక్కండి. అంతే, ఒక్కో మాడ్యూల్ నంబర్ వేసి దాని కోడ్లు వరసగా చెప్తుంది. 10 అంటే ఇంజిన్ కంప్యూటర్, పీసీఎం. 28 ట్రాక్షన్, బ్రేకులు. 40 బీసీఎం. 60 మీటర్ బోర్డు. ఏ0 ఎడమ డోరు, ఏ1 కుడి డోరు. కోడ్ చివర సీ ఉంటే ఆ తప్పు ఇప్పుడు ఉన్నట్టు, హెచ్ ఉంటే ఎప్పుడో వచ్చి పోయినట్టు. మాడ్యూల్ అసలు పలకకపోతే నో కామ్ అని వస్తుంది. ఎక్కడ ఆగినా ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఫోటో లేకుండా రీసెట్ కొట్టి కోడ్లు చెరిపేయకండి. నేను మొదటిసారి అదే చేసి ఒక వారం పోగొట్టుకున్నాను.

నా కారులో వచ్చినవి చెప్తాను. మూడు నాలుగు మాడ్యూళ్ళలో యూ1064, చివర హెచ్. అంటే "నాకు బీసీఎం మాట వినపడలేదు." బీసీఎంలో యూ1016 హెచ్, "నాకు పీసీఎం మాట వినపడలేదు." దాంతోపాటు యూ1161, అంటే కుడి డోరు మాట వినపడలేదు. ఏ1 దగ్గరికి వస్తే ఒకసారి నో కోడ్స్, ఇంకోసారి నో కామ్.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే. యూతో మొదలయ్యే కోడ్ కంప్లైంట్ ఇచ్చిన మాడ్యూల్ జబ్బు కాదు. ఎవరి మీద కంప్లైంట్ ఇచ్చారో ఆ మాడ్యూల్ పోయిందని కూడా కాదు. "వాడు పలకలేదు" అని మాత్రమే. వాడు నిజంగా పోయాడా, నిద్రపోయాడా, వాడింట్లో కరెంటు పోయిందా, మధ్యలో వైరు తెగిందా, ఇవేవీ ఆ కోడ్‌కి తెలియవు.

ఈ కారులో మాడ్యూళ్ళు మాట్లాడుకునే పద్ధతిని క్లాస్ 2 అంటారు. అసలు పేరు జే1850 వీపీడబ్ల్యూ. ఒకే ఒక్క వైరు. స్పీడు సెకనుకి 10.4 కిలోబిట్లు. మీ ఫోన్‌లో ఒక గుడ్ మార్నింగ్ ఫోటో పంపాలంటే ఈ వైరుకి నిమిషాలు పడుతుంది. కానీ "డోరు తెరిచారు", "లైటు వెయ్యి" అనడానికి అది చాలు. వైరు ఊరికే ఉన్నప్పుడు సున్నా వోల్టులు, మాట్లాడేటప్పుడు 7 వోల్టులకి లేస్తుంది. అది ఎంతసేపు లేచి ఉంది, ఎంతసేపు పడి ఉంది అన్నదాన్నిబట్టి ఒకటా సున్నానా అన్నది లెక్క.

ఒక గ్రూప్ కాల్ అనుకోండి. అందరూ ఒకే లైన్‌లో ఉన్నారు. ఎవరైనా మాట్లాడొచ్చు, అందరికీ వినపడుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే తక్కువ ముఖ్యమైనవాడు తనే ఆగిపోతాడు, ఎక్కువ ముఖ్యమైన మెసేజ్ చెడిపోకుండా వెళ్తుంది. బాగుంది కదా. కానీ ఆ కాల్‌లో ఒకడు మైక్ మ్యూట్ చేయకుండా ఫ్యాన్ కింద కూర్చుంటే? అందరి మాటా పోతుంది. అలాగే ఒక మాడ్యూల్ లోపల షార్ట్ అయి ఆ వైరుని ఎర్త్‌కో బ్యాటరీకో అతికించేస్తే మొత్తం కారు మూగబోతుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో 2వ పిన్ ఆ వైరు. 4, 5 పిన్నులు ఎర్త్, 16 బ్యాటరీ. మీటర్ 5కి 2కి మధ్య పెట్టి చూస్తే, తాళం ఆన్‌లో, అంకె ఆడుతూ ఉండాలి. అతుక్కుపోయినట్టు సున్నా ఉంటే ఎర్త్‌కి షార్ట్, 12 ఉంటే బ్యాటరీకి షార్ట్ అని అనుమానించాలి. నా కారులో అంకె చక్కగా ఆడుతోంది. గరాజ్‌లో, పగలు, అన్నీ ఆఫ్‌లో ఉంటే అంతా బానే ఉంది. అదే అసలు తలనొప్పి.

ఇప్పుడు నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్ళు ఆటో ఎలక్ట్రీషియన్. లారీలు, అంబాసిడర్లు, తర్వాత మారుతీలు. సెల్ఫ్ మోటార్, డైనమో, వైరింగ్. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ షాపు కట్టింది. ఏడేళ్ళ కిందట షాపు మూసేశారు. "కొత్త బళ్ళన్నీ కంప్యూటర్లంట్రా, మనదేముంది ఇంక" అనేవారు. నేను కార్వెట్ కొన్నాక ఫోటోలు పంపాను, ఆయన బాగుంది అన్నారు. కానీ కారుకి ప్రాబ్లమ్ వస్తే ఆయన్ని అడగాలని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఇది నెట్‌వర్క్ ప్రాబ్లమ్, మాడ్యూళ్ళు, ప్రోటోకాల్, నాన్నకేం తెలుస్తుంది అనుకున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి, కానీ అనుకున్న మాట నిజం.

ఆ శుక్రవారం రాత్రి గరాజ్‌లో కూర్చుని ఉండగా అమ్మ వీడియో కాల్ చేసింది. ఇక్కడ తొమ్మిదిన్నర, అక్కడ శనివారం పొద్దున తొమ్మిది. నా మొహం చూసి ఫోన్ నాన్నకి ఇచ్చింది. నేను మాడ్యూల్, కోడ్, బస్ అని ఐదు నిమిషాలు చెప్పాను. ఆయన మొత్తం విని మూడు ప్రశ్నలు అడిగారు.

"సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందా?"

తిరుగుతోంది నాన్నా, ఫస్ట్ క్లాస్‌గా.

"మీటర్ బోర్డు పోయినప్పుడు ఇంజిన్ ఆగిందా?"

ఆగలేదు.

"లైట్లు వెయ్యకుండా ఎప్పుడన్నా వచ్చిందా?"

నోరు మూతపడింది. రాలేదు. ఒక్కసారి కూడా పగలు రాలేదు. అన్నీ రాత్రులే, బ్లోవర్, లైట్లు ఉన్నప్పుడే. ఇన్ని రోజులు కోడ్లు చూశాను గానీ అవి ఎప్పుడు వచ్చాయన్నది చూడలేదు.

"ఇంజిన్ ఎర్త్ బానే ఉంది. బాడీ ఎర్త్ చూడరా" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయన కనీసం ఫోన్ దగ్గరికి కూడా తెచ్చుకోలేదు, టిఫిన్ తింటున్నారు.

ఇప్పుడు ఫైబర్ బాడీ సంగతికి వద్దాం. మామూలు కారులో బాడీ మొత్తం ఇనుము, ఎక్కడ బోల్ట్ పెట్టినా ఎర్త్ దొరుకుతుంది. కార్వెట్‌లో ఫైబర్‌కి బోల్ట్ పెడితే ఏం లాభం? ప్రతి బల్బూ, ప్రతి మోటారూ, ప్రతి మాడ్యూలూ కరెంటుని వెనక్కి పంపడానికి ఒక వైరు లాక్కుని కింద ఉక్కు ఫ్రేమ్ మీద కొన్ని బోల్టుల దగ్గరికి రావాలి. అంటే ఊరంతటికీ నాలుగే బస్టాపులు. ఒక బోల్ట్ పాడైతే సంబంధం లేని పది వస్తువులు ఒకేసారి గోల చేస్తాయి.

"మీటర్ ఓమ్స్‌లో పెట్టి చూశాను నాన్నా, ఎర్త్ బానే చూపిస్తోంది" అన్నాను. ఆయన నవ్వారు. "లోడు లేకుండా చూస్తే అన్నీ బానే ఉంటాయిరా. లైట్లు వేసి చూడు."

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. మామూలు మల్టీమీటర్ వైర్లకే 0.2 ఓమ్స్ దాకా రెసిస్టెన్స్ ఉంటుంది. పాడైన ఎర్త్‌లో 0.08 ఓమ్స్ ఉందనుకోండి, మీటర్‌కి అది కనపడదు. కానీ ఆ దారిలో 25 ఆంపియర్లు వెళ్తే? 25 ఇంటూ 0.08, రెండు వోల్టులు. హెడ్‌లైట్లు ఒక 9, బ్లోవర్ ఫుల్‌లో ఒక 15, 16. సరిపోయింది కదా.

దీన్ని వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టండి. నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మొన మీద, క్లాంప్ మీద కాదు, అసలు సీసం మొన మీద. ఎర్ర ప్రోబ్ మీరు అనుమానిస్తున్న ఎర్త్ మీద. తర్వాత లోడు వేయండి. మంచి ఎర్త్ అయితే 0.1 వోల్టు లోపే ఉండాలి. నేను ముందు ఇంజిన్ బ్లాక్ మీద పెట్టాను. లైట్లు, బ్లోవర్ వేస్తే 0.04. తర్వాత ఫ్రేమ్ మీద. అన్నీ ఆఫ్‌లో 0.03. లైట్లు వేశాను, 0.7. బ్లోవర్ తిప్పాను, 2.1! స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే హెడ్‌లైట్లు లేచేటప్పుడు, ఆ మోటార్లు తిరిగే సెకనులో అంకె మూడు దాటింది, నా కళ్ళముందే మీటర్ బోర్డు ముళ్ళు వణికాయి. ఫోన్ అటు తిప్పి చూపించాను. "ఊఁ" అన్నారు నాన్న. టిఫిన్ ప్లేటు పక్కన పెట్టేశారు.

ఈ రెండు మూడు వోల్టులకి మాడ్యూళ్ళ మాటలకి సంబంధం ఏంటి? ఆ వైరు మీద 7 వోల్టులు అంటే, ఎక్కడ్నుంచి 7? ఎర్త్ నుంచి. పీసీఎం ఎర్త్ ఇంజిన్ దగ్గర, అది బానే ఉంది. బీసీఎం ఎర్త్ ఫ్రేమ్ వైపు, అది రెండు మూడు వోల్టులు పైకి లేచి కూర్చుంది. అంటే పీసీఎం నేల మీద నిలబడి 7 అని అరిస్తే, మేడ మీద ఉన్న బీసీఎంకి అది నాలుగో ఐదో అని వినపడుతోంది. బీసీఎం ఊరుకున్నా పీసీఎంకి అది మాట్లాడుతున్నట్టే ఉంది. ఎర్త్‌లో కొంత తేడాని ఈ పద్ధతి తట్టుకుంటుంది, కానీ హద్దు దాటితే ఒకరికొకరు అర్థం కారు. ఇద్దరూ బానే ఉన్నారు, ఇద్దరూ ఎదుటివాడు పలకట్లేదని కంప్లైంట్ ఇస్తున్నారు.

మరుసటి రోజు బ్యాటరీ తీశాను. ఈ కారులో బ్యాటరీ ప్యాసింజర్ వైపు, దాని కింద వైర్ల కట్ట, పీసీఎం ఉంటాయి. ఎప్పుడో ఒక పాత బ్యాటరీ కారి యాసిడ్ కిందికి దిగింది. నెగటివ్ నుంచి ఫ్రేమ్‌కి వెళ్ళే కేబుల్ చివర చూడండి, ఇదిగో, తీసి దాచాను. పైన చిలుము పట్టి పచ్చగా, లోపల తీగలు సగం పొడి. ఇంజిన్‌కి ఫ్రేమ్‌కి మధ్య ఇంకో అల్లిన పట్టీ ఉండాలి, దాని దారిలో కరెంటు పోయేది. అదసలు బిగించే లేదు! ఎవరో ఇంజిన్ పని చేసి మళ్ళీ పెట్టడం మర్చిపోయారు. ఒక దారి కుళ్ళిపోయింది, ఇంకో దారి లేదు.

క్లీనింగ్ అంటే ఏమీ లేదు. ముందు నెగటివ్ తీసేయాలి, గ్లౌజులు, కళ్ళకి అద్దాలు. వంట సోడా నీళ్ళలో కలిపి పోస్తే యాసిడ్ ఉన్నచోట నురగ వస్తుంది. నురగ ఆగే దాకా పోసి, మంచి నీళ్ళతో కడిగి ఆరబెట్టాను. పీసీఎం కనెక్టర్‌లోకి నీళ్ళు పోకుండా ప్లాస్టిక్ కట్టాను. ఫ్రేమ్ మీద బోల్ట్ చోట శాండ్‌పేపర్‌తో మెరిసే దాకా రుద్ది, కొత్త కేబుల్, కొత్త పట్టీ బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాను. బిగించాక పూయాలి, ముందు కాదు. రెండు కలిపి 40 డాలర్లు కాలేదు. మళ్ళీ టెస్ట్ పెట్టాను. లైట్లు, బ్లోవర్, అన్నీ ఆన్‌లో: 0.05.

నాన్నకి, నాకు ఒకచోట మాత్రం గొడవైంది. ఆయన మిగతా వైర్లన్నీ టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడమన్నారు. లైట్ల వైర్లు, ఫ్యూజులు అయితే సరే, మీటర్ కంటే బల్బే మంచిది, ఎందుకంటే బల్బు లోడు పెడుతుంది. కానీ ఆ క్లాస్ 2 వైరుకి బల్బు పెడితే మాడ్యూల్ లోపలి చిప్ పోయే ప్రమాదం ఉంది. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి మీటర్‌తో కూడా వెళ్ళకూడదు. "అది 12 వోల్టుల వైరు కాదు నాన్నా, మాట్లాడే వైరు" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే అది నువ్వు చూసుకో, మిగతాది నేను చెప్తా" అన్నారు.

కోడ్లన్నీ చెరిపి వారం రోజులు నడిపాను. యూ1064 రాలేదు. యూ1016 రాలేదు. యూ1161 మాత్రం వచ్చింది, ఈసారి చివర సీ. కుడి డోరు. అంటే రెండు జబ్బులు కలిసి ఉన్నాయి, నేను ఒకటే అనుకుంటున్నాను. ఆ డోరు అద్దం కూడా ఒక్కోసారి దిగట్లేదు. నాన్న అడిగింది, "డోరు ఎంత తెరిస్తే పోతోంది?" ఫోన్ సీటు మీద పెట్టి డోరు మెల్లగా ఊపుతూ తెరిచాను, మూశాను. సగం తెరిచిన చోట మీటర్‌లో కరెంటు మాయం. డోరుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైర్లు 20 ఏళ్ళకి పైగా మడత పడుతూ ఉన్నాయి. పైన ప్లాస్టిక్ బానే ఉంది, లోపల రాగి తెగిపోయింది. పట్టుకుని మెల్లగా లాగితే సాగింది, అప్పుడు తెలిసింది. ముక్క వేసి సోల్డర్ చేసి ట్యూబ్ తొడిగాను. అతుకు మడత పడే చోట రాకుండా డోరు లోపలికి జరిపి వేశాను, లేకపోతే ఆర్నెల్లలో మళ్ళీ తెగుతుంది.

ఆ పాటల పిచ్చోడి వైర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. కారు ఆపి, లాక్ చేసి, మాడ్యూళ్ళు నిద్రపోయే దాకా అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్ లైన్‌లో మీటర్ కలిపితే 380 మిల్లీఆంపియర్లు. 50 లోపు ఉండాలి. రోజుకి 9 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు, 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారంలో ఖాళీ. ఒక్కో ఫ్యూజ్ తీసి చూసుకుంటూ వస్తే ఆ పాత అలారం దొరికింది. పీకేశాను, 20కి వచ్చింది. మీటర్ కలిపి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, మీటర్‌లో ఫ్యూజ్ ఎగిరిపోతుంది. నాది ఎగిరింది.

మన దగ్గర కార్వెట్ ఎక్కడిది అన్నా, అంటారు కదా. మీ ఇంట్లో కొత్త కారు ఉంటే అందులో ఒక వైరు బదులు రెండు వైర్ల క్యాన్ ఉంటుంది, ఓబీడీలో 6, 14 పిన్నులు. బ్యాటరీ తీసేసి ఆ రెంటి మధ్య ఓమ్స్ చూస్తే 60 దగ్గర రావాలి, ఎందుకంటే రెండు చివర్లా 120 ఓమ్స్ చొప్పున ఉంటాయి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అయితే మీ నాన్నగారి స్కూటర్‌కి కూడా పనిచేస్తుంది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు మా ఆవిడతో డెంటన్ వెళ్ళొచ్చాం. వెళ్ళేటప్పుడు నేను, వచ్చేటప్పుడు రాత్రి తనే నడిపింది. లైట్లు, బ్లోవర్, అన్నీ కావాలనే వేసింది. ముళ్ళు కదల్లేదు. ఇంటికొచ్చి ఇంజిన్ ఆపి, "మామయ్యగారికి ఫోన్ చెయ్" అంది. చేస్తే ఆయన ఎత్తలేదు. అమ్మ ఎత్తి చెప్పింది, పక్కింటి అబ్బాయి కారులో ఏదో లైటు వెలుగుతోందంట, ఆయన మీటర్ పట్టుకుని వెళ్ళారంట.

కుడి హెడ్‌లైట్ లేచేటప్పుడు ఇంకా కరకరమంటోంది. లోపల ప్లాస్టిక్ గేరు అరిగిపోయి ఉంటుంది. దాన్ని విప్పడం వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండీ.